పరుపు ఆఖరి కుట్టు

ఆ పరుపు ఇంకా ఉంది తల్లీ. నువ్వూ తమ్ముడూ వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఎగిరెగిరి దూకేవాళ్ళే, ఆ నీలం చారల గుడ్డదే. నిన్న కూడా మేడ మీద ఎండలో వేసి రెండు వైపులా తిరగేశాను. ఒక మూల కాస్త కుంగింది, అంతే.

ఇది నువ్వు మాటల మధ్యలో అడిగినదానికి జవాబు. అసలు అడిగింది ఇంకొకటి. మీ పూణె బళ్ళో ఏదో రాసుకురమ్మన్నారనీ, మన పద్ధతులు కాక వేరే పద్ధతులున్నవాళ్ళ గురించి రాయాలనీ, ఆ సంగతి ఎక్కడ తెలిసిందో కింద చెప్పాలనీ అన్నావు. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పరుపులు కుట్టే దూదేకుల వాళ్ళ గురించి రాస్తానన్నావు. నాకు ముచ్చటేసింది. అంతలోనే గొంతు తగ్గించి, "అమ్మమ్మా, వాళ్ళు పరుపు మూసే ముందు లోపల ఉమ్మేస్తారంటగా? మనం పడుకున్న దాంట్లో కూడానా? మూడు చోట్ల చూశాను, మూడూ అదే చెప్పాయి" అన్నావు.

పొయ్యి మీద కూర మాడిపోతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. గట్టు పట్టుకుని నిలబడిపోయాను. నీ మీద కోపం కాదు, నువ్వు చిన్నదానివి. ఆ మాట ఎక్కడ పుట్టి నీ నోటిదాకా వచ్చిందో నాకు తెలుసు కాబట్టి. ఆ మాట వల్ల ఒక మనిషికి ఈ వేసవి పని లేకుండా పోయింది. నలభై ఏళ్ళుగా నన్ను వదినా అని పిలిచిన ఆ మనిషి ఆ పిలుపు మానేసింది. అందుకని నీకు జవాబు సరిగ్గా చెప్పాలి. కొంచెం పొడుగు జవాబు.

ఆ పరుపు కుట్టినామెను నువ్వు చూశావు. సన్నగా, పొడుగ్గా, ముక్కుకి రాళ్ళ ముక్కుపుడక. నీ చిన్నప్పుడు దూదితో కుందేలు చేసి ఇచ్చిందే, ఆమె. ముస్లింలే అయినా వాళ్ళింట్లో మాట్లాడేది మన తెలుగే. మా పెళ్ళైన కొత్తలో, దర్శి వైపు నుంచి ఆమె కూడా మా ఊరికి కోడలిగా వచ్చింది. పత్తి ఆఖరి తీత అయ్యాక అమ్మడానికి పనికిరాని కొసరు పత్తి కొంత మిగిలేది. దాన్ని మిల్లులో గింజ తీయించి మూట కట్టి ఉంచేవాళ్ళం. మొగుడూ పెళ్ళాం వచ్చేవాళ్ళు. ఆయన విల్లు పట్టుకుని టంగు టంగుమని దూది ఏకేవాడు. ఆమె గుడ్డ పరిచి, దూది సర్ది, దబ్బనంతో కుట్టేది. తర్వాత మిషన్లు వచ్చాయి, ఆయన పోయాడు, విల్లు గోడకెక్కింది. కుట్టడం మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

వాళ్ళు పని చేసేది మా పశువుల కొట్టంలో. వసారాలో చోటు లేక కాదు. మా అత్తగారి ఏర్పాటది. ఆవిడ పీర్ల పండక్కి తలస్నానం చేసి, బిందెడు నీళ్ళు తీసుకెళ్ళి, పీర్లు మోసేవాళ్ళ కాళ్ళ మీద పోసి దణ్ణం పెట్టుకునేది. మీ తాతయ్యకి చిన్నప్పుడు జ్వరం తగ్గింది ఆ దణ్ణం వల్లేనని చెప్పేది. అదే మనిషి, ఆ పీర్లు లేచే వీధి నుంచే వచ్చిన ఆడమనిషిని మెట్టెక్కనిచ్చేది కాదు. ఆమెకి టీ ఇచ్చే గ్లాసు కొట్టం చూరులో వేరుగా దోపి ఉండేది. నేను ఆ గ్లాసులోనే పోసి ఇచ్చాను, ఎన్నేళ్ళో. గ్లాసుకి నా గ్లాసు తగలకుండా పైనుంచి పోసేదాన్ని. ఇది నీకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు గానీ, చెప్పకపోతే మిగిలింది నీకర్థం కాదు.

నేను వసారాలో కూర్చుని చూసేదాన్ని. కొట్టం అక్కడికి పది బారల దూరం. పరుపు అంతా కుట్టాక ఒక మూల జానెడు తెరిచి ఉంచేది. ఆఖరి పిడికెడు దూది అందులోకి తోసి, వంగి, పెదాలు కదిపేది. ఆ తర్వాత ఊఫ్ అని ఊదేది. అప్పుడు ఆఖరి కుట్టు వేసి దారం కొరికేది. ప్రతి పరుపుకీ అంతే.

ఒకసారి మా అత్తగారిని అడిగాను, అదేమిటని.

"వాళ్ళేదో చదువుతార్లే. పిల్లలు ఉలిక్కిపడకుండా నిద్రపోతారు. మంచిదే" అంది.

అంతే. ఆ మాట నా సొంతమైపోయింది. మీ అమ్మకి చెప్పాను, మీ పిన్నికి చెప్పాను, మా అక్కాచెల్లెళ్ళకి చెప్పాను. వాళ్ళ ఆచారం నాకు తెలుసని చెప్పుకోవడం నాకు గొప్పగా ఉండేది. అత్తగారు పోయాక చూరులో గ్లాసు నేనే తీసేశాను. ఆమె వసారా ఎక్కింది. నా పక్కన గోడకానుకుని కూర్చుని టీ తాగేది, ఇద్దరం వదినా అంటే వదినా అనుకునేవాళ్ళం.

"ఏం వదినా, ఈ ఏడు పత్తంతా మిల్లుకి తోలేసి నాకు చెత్త మిగిల్చావా?" అనేది మూట విప్పుతూ.

"నీ చేతిలో పడితే చెత్త కూడా మెత్తనౌతుంది కదా వదినా."

"మాటలకేం, మెత్తగానే ఉంటాయి. టీలో పంచదార వెయ్యి ముందు."

ఇన్ని మాట్లాడుకున్నాం. పిల్లల పెళ్ళిళ్ళు, మోకాళ్ళ నొప్పులు, చీమకుర్తిలో రాయి కోసే చోట పనికెళ్ళిన వాళ్ళబ్బాయి దగ్గు, అన్నీ. ఆఖరి కుట్టు దగ్గర ఏం చేస్తావని మాత్రం అడగలేదు. తెలుసనుకున్నదాన్ని ఎవరు అడుగుతారు?

మొన్న చలికాలం చివర్లో, మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నప్పుడు, ఒక కుర్రాడు కెమెరా పట్టుకుని వచ్చాడు. పల్లెటూళ్ళ ఆచారాలు, పాత పనులు చూపించే ఛానెలట. ఎంత మర్యాద! చెప్పులు వీధి గుమ్మం దగ్గరే విడిచాడు. కాఫీ తాగి గ్లాసు తనే కడగబోయాడు.

"మీలాంటి పెద్దవాళ్ళే మాకు పుస్తకాలు అమ్మమ్మగారూ" అన్నాడు.

పొంగిపోయాను. మంగళగిరి చీర కట్టుకొచ్చి కూర్చున్నాను. రోట్లో కారం కొట్టే పద్ధతి చెప్పాను, పత్తి తీతలో పాడే పాటలు చెప్పాను. పరుపుల సంగతి అడిగాడు. అదీ చెప్పాను. "ఆఖరి కుట్టు వేసే ముందు ఏదో చదివి లోపలికి ఊదుతారు. పిల్లలు ఉలిక్కిపడకుండా హాయిగా నిద్రపోవాలని. మా పిల్లలూ మనవలూ అందరూ ఆ పరుపుల మీదే పెరిగారు." ఇదీ నేనన్నది. ఒక్క అక్షరం ఎక్కువా తక్కువా లేదు.

"ఆమె ఇల్లు ఇక్కడే, రెండు వీధుల అవతల. రా బాబూ, చూపిస్తాను. కుడుతుంటే తీసుకోవచ్చు" అన్నాను కూడా.

"ఎందుకండీ, మీరు చెప్పారుగా, చాలు. వెలుతురు పోతుంది" అన్నాడు.

మీకెలా తెలుసమ్మమ్మగారూ అని అడగలేదు. ఎంత దూరం నుంచి చూశారని అడగలేదు. నాకూ తోచలేదు. అప్పటికి నాకు అతను బుద్ధిమంతుడిలాగే కనిపించాడు. ఇప్పుడు ఆ కడగబోయిన కాఫీ గ్లాసు తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

కొన్నాళ్ళకి కల్లంలో తాలు కాయలు ఏరిస్తున్నాను. తెల్లబడ్డ కాయల్ని తాలు అంటాం, వాటిని మంచి కాయల్లోంచి తీసేయాలి. ఐదారుగురు ఆడవాళ్ళు కూర్చుని ఏరుతున్నారు. వాళ్ళలో ఒకామె ఫోను పైకెత్తి కేకేసింది.

"అత్తో, ఇట్రా! టీవీలో పడ్డావు!"

"టీవీ కాదే, ఫోను" అంది పక్కామె.

"ఏదైతే ఏంలే, చీర బాగుంది. మా అత్తకి పెళ్ళిచూపులే ఇంక!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వుతూ వంగి చూశాను. నా మొహం మీద అడ్డంగా ఎర్ర అక్షరాలు. మీరు పడుకునే పరుపులో ఏం చేస్తున్నారో తెలుసా అని. నా నోరు కదిలింది. ఏదో చదివి లోపలికి ఊదుతారు, అన్నాను. అక్కడ నన్ను కోసేశారు. పిల్లలు లేరు, నిద్ర లేదు. ఆ తర్వాత ఎవరిదో మగగొంతు. "ఊదడమేనా? ఇంకేమైనా కూడానా? మీరే ఆలోచించండి" అంది. తెర నిండా తెరిచిన నోరు బొమ్మ ఒకటి, చొంగ కారుతూ. అలాంటి బొమ్మ గీసిన చెయ్యి అన్నం ఎలా తింటుందో నాకర్థం కాదు.

నవ్వులు ఆగిపోయాయి.

"ఛీ ఛీ! మా అమ్మాయి పురిటికొచ్చినప్పుడు పడుకుంది దాని మీదే!"

"నాకు అందుకేనేమో, ఒకటే దురద."

"దురద మిరపకాయల వల్ల. పదేళ్ళుగా ఆ పరుపు మీద పడుకున్నప్పుడు లేదా?" అన్నాను నేను. అన్నాననే అనుకున్నాను. నా గొంతు నీకు తెలుసు కదా, పక్కగదిలోకి కూడా వినపడదు. కాయల గలగలలో కలిసిపోయింది. కాయని అటూ ఇటూ తిప్పి చూడకుండా బస్తాలో వెయ్యని ఆడవాళ్ళు వాళ్ళు. ఆ మాటను మాత్రం ఒక్కరూ తిప్పి చూడలేదు.

నాలుగు రోజుల్లో ఊదడం ఉమ్మడం అయింది. అది ఇంకొక వీడియో. దాని తర్వాత వచ్చినదాంట్లో నా బొమ్మ కూడా లేదు, "ఆ ఊరి పెద్దావిడ కళ్ళారా చూసి చెప్పింది" అని రాశారు. కుట్టమని ఆమె ఇంట్లో ఇచ్చిన దూది మూటల్ని జనం వెళ్ళి తిరిగి తెచ్చుకున్నారు. కూతురి కాపురానికని కుట్టించుకున్న కొత్త పరుపుని ఒకళ్ళు తెల్లారేసరికి ఆమె గుమ్మం ముందు మురుక్కాలవ పక్కన పడేసి పోయారు. మా వీధిలోనే ఇంకొకళ్ళు పాత పరుపుని పొగాకు చేను గట్టున తగలబెట్టారు. ముద్దకట్టిన దూది అంత త్వరగా కాలదు, రెండు రోజులు కుళ్ళు కంపు కొడుతూ పొగ వచ్చింది. ఆ పరుపు మీద ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు పుట్టి పెరిగారు. అన్నిటికన్నా రోత ఏమిటంటే, చీమకుర్తిలో ఉన్న ఆమె కొడుక్కి ఆ వీడియో అతని పక్కన నిలబడి రాయి కోసేవాళ్ళే పంపారట, మీ అమ్మేనా అని.

నేను ఆ ఛానెల్ కుర్రాడికి ఫోన్ చేశాను.

"నేను మీ మాట ఒక్కటి కూడా మార్చలేదండి అమ్మమ్మగారూ. కావాలంటే చూసుకోండి."

"సగం కోసేశావు బాబూ."

"పొడుగైతే ఎవరూ చూడరండి."

"దాన్ని తీసెయ్యి. ఒకళ్ళ కూడు పోతోంది."

"అందులో మీకు మంచి పేరే వచ్చిందండి. కింద ఎంతమంది మీకు దణ్ణాలు పెట్టారో చూడండి ఒకసారి."

చూశాను. నిజమే, జోడించిన చేతుల బొమ్మలు, వరసగా. ధన్యవాదాలు అమ్మా, కళ్ళు తెరిపించారు అని. నా మొహం మీద ఎవరో ఎంగిలి చేత్తో రాసినట్టనిపించింది. వెళ్ళి సబ్బుతో కడుక్కున్నాను, పిచ్చిదానిలాగా.

మాట వెనక్కి తీసుకుందామని తాలు ఏరిన ఆడవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కటిగా తిరిగాను. "నేను చూడలేదమ్మా, వసారాలో కూర్చుని ఊహించాను. ఆ ఊహ కూడా మా అత్తగారిది" అని చెప్పాను. మర్యాదగా విన్నారు. నేను గుమ్మం దాటాక ఒకామె లోపల అంటోంది: "పాపం, ఎవరో బెదిరించి ఉంటారు. ముసల్ది మాట మారుస్తోంది." నేను అబద్ధం చెబితే నమ్మినవాళ్ళు, నిజం చెబితే జాలి పడ్డారు.

ఆ తర్వాత పరుపులు కుట్టే ఆమె ఇంటికి వెళ్ళాను. నలభై ఏళ్ళలో అది మూడోసారో నాలుగోసారో, అదీ పెళ్ళికో చావుకో. ఆమె మా ఇంటికి వచ్చినన్నిసార్లు నేను వాళ్ళింటికి వెళ్ళలేదని ఆ రోజే తోచింది.

"రండి అమ్మగారూ, కూర్చోండి" అంది. కుర్చీ కొంగుతో తుడిచి వేసింది.

అమ్మగారూ. మా పెళ్ళైన కొత్తలో కూడా నన్నలా పిలవలేదు.

గోడకి విల్లు వేలాడుతోంది. కింద ఎప్పుడూ దూది మూటలుండే చోట ఖాళీ నేల, శుభ్రంగా ఊడ్చి ఉంది. లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. పేపర్ కప్పులో. బజారులో బండి దగ్గర ఇస్తారే, ఆ కప్పు.

"ఇదేంటి వదినా?"

"మా గ్లాసుల్లో మీరు తాగుతారో లేదోనని. ఎందుకొచ్చిన గొడవండీ, ఎవరన్నా చూసి ఫోన్లో పెడితే."

నిష్ఠూరంగా కూడా అనలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను ఆ కప్పు చేత్తో పట్టుకున్నాను. చూరులో గ్లాసు కళ్ళ ముందు ఆడింది.

"నేను చెడ్డగా చెప్పలేదు వదినా. మంచిదనే చెప్పాను."

"మంచో చెడో, నా నోటి సంగతి మీరు చెప్పడమేంటండీ? నా నోరు నా దగ్గరే ఉందిగా. నలభై ఏళ్ళు మీ కొట్టంలో, మీ వసారాలో కూర్చున్నా. కరెంటు బిల్లు కాడ్నించీ మోకాలి నొప్పి దాకా అన్నీ అడిగారు. ఇదొక్కటీ అడగలా. అడిగితే చెప్పనా?"

కప్పు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"దూది పోగులు కుట్టు మీద పేరుకుపోతాయి. దారం కనపడదు. ఊదుకోకపోతే దబ్బనం వేలికి దిగుద్ది. ముక్కుల్లోకి పోతాయి, పెదాలకి అంటుకుంటాయి. ఊదుకుంటాం. అదండీ మీరు చెప్పిన ఆచారం." చూపుడువేలు చాపి చూపించింది, పాత గాట్లు, నల్లగా. "మీరు కారం దంచేటప్పుడు తుమ్మరా? అది మీ ఆచారమని నేను ఊరంతా చెప్పానా?"

చూపించిన వేలు వంక చూస్తూ ఉండిపోయాను. పది బారల దూరం నుంచి ఆ గాట్లు కనపడవు. వసారా ఎక్కాక కూడా, పక్కనే కూర్చుని టీ తాగుతుంటే కూడా, నేను చూడలేదు.

అప్పుడు అడిగాను. అడక్కుండా ఉండాల్సిందేమో.

"మరి ఊదే ముందు పెదాలు కదిపేదానివి కదా. అదేంటి?"

ఆమె నా మొహం చూసింది. తర్వాత నా ఒళ్ళో ఉన్న ఫోను చూసింది. ఆ కుర్రాడితో మాట్లాడానని చూపిద్దామని నేనే పట్టుకెళ్ళాను దాన్ని.

"ఇప్పుడడుగుతున్నారా?" అంది. "ఎక్కడ పెడతారండీ ఇది?"

ఫోను సంచిలో వేశాను. ఆలస్యమైపోయింది. ఆమె లేచి, చీపురు తీసుకుని, ఊడ్చిన నేలే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. "టీ చల్లారిపోద్ది, తాగండి" అంది, నా వైపు తిరగకుండా.

తాగాను. కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. అది ఇంకా వంటింటి అలమారలో ఉంది.

ఇదీ నీ జవాబు తల్లీ. మూడు చోట్ల చూశానన్నావు. ఆ మూడూ నేనే. మొదటిది సగానికి కోసేసిన నా నోరు, రెండోది ఆ ఊదడాన్ని ఉమ్మడం చేసింది, మూడోది నన్ను చూడనైనా చూడనివాడు నా పేరున చెప్పింది. నా వెనక ఉన్నది మా అత్తగారి ఒక్క ముక్క. ఆవిడ వెనక ఏమీ లేదు, వసారా తప్ప. నీ పుస్తకంలో కింద ఎక్కడ తెలిసిందో రాయాలన్నారుగా, అక్కడ రాయి: మా అమ్మమ్మ చెప్పింది, మా అమ్మమ్మకి తెలియదు.

మీ టీచరు ఒప్పుకోకపోతే వేరే ఏదైనా రాసుకో. కానీ వాళ్ళు ఉమ్మరు అని మాత్రం మీ బడిలో గట్టిగా చెప్పు, నా గొంతులా కాకుండా.

ఈ ఏడు కొసరు పత్తి గింజ తీయించి మూట కట్టి వసారాలో పెట్టాను. తమ్ముడి మంచానికి కొత్త పరుపు కావాలని మీ అమ్మ అంటోంది. దర్శిలో దుకాణంలో దొరుకుతాయి, స్పాంజివి. కొననన్నాను. కబురు రెండుసార్లు పంపాను. "చూద్దాం లెండి అమ్మగారూ" అని జవాబొచ్చింది రెండుసార్లూ. మూటకి చెద పట్టకుండా రోజూ చోటు మారుస్తున్నాను.

ఆమె వస్తే ఈసారి కుడుతున్నంతసేపూ వసారాలో పక్కనే కూర్చుంటాను. రాకపోయినా ఆ పాత పరుపు మీద పడుకుని మూల దగ్గర ఆఖరి కుట్టుని వేలితో తడిమినప్పుడల్లా అదే అడుగుతున్నాను. మా పిల్లలు పడుకునే పరుపు మీదికి వంగి, ఊదే ముందు, నువ్వేమనుకునేదానివి వదినా?